లిస్టులో లేని కర్లపాలెం బస్సు

2023లో తెనాలిలోని ఒక కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ సెక్షన్ చూసేదాన్ని. బాపట్ల, రేపల్లె వైపు ఊళ్ళలో క్యాంపులు పెట్టి, శుక్లాలున్నవాళ్ళను బస్సులో తెచ్చి, ఆపరేషన్ చేసి మర్నాడు పంపేవాళ్ళు. వారానికి చెకప్‌కి రావాలి. రాకపోతే ఫోన్ చేసి పిలిపించాలి. ఆ రానివాళ్ళ లిస్టు ప్రతి సోమవారం నేనివ్వాలి.

డేటాబేస్‌లో పేషెంట్లది ఒక టేబుల్, చెకప్‌లది ఇంకో టేబుల్. రెండింటినీ కలిపి మనకు కావలసినవాళ్ళను ఏరి ఇమ్మని అడగడమే క్వెరీ. చెకప్‌ల టేబుల్లో ‘రాలేదు’ అని ఉన్న పేషెంట్లను చూపించమని నేను రాశాను. ఆ సోమవారం ఆరుగురే తేలారు. డాక్టరుగారు మెచ్చుకున్నారు. నేను సిగ్గులేకుండా మురిసిపోయాను.

హెడ్ నర్సు మార్తమ్మగారు మాత్రం ఆ లిస్టు పట్టుకుని నా గదికి మూడుసార్లు వచ్చారు.

“కర్లపాలెం బస్సువాళ్ళు ఒక్కళ్ళూ లేరేంటమ్మా ఇందులో?”

“అంటే అందరూ చెకప్‌కి వచ్చేశారనే కదండి.”

“వస్తే నాకు కనపడరా?”

నాకు ఒళ్ళు మండింది. క్వెరీ మళ్ళీ నడిపి చూపించాను. అదే ఆరుగురు. ఆవిడ లిస్టు తీసుకుని వెళ్ళిపోయారు.

గురువారం సుబ్బాయమ్మ వచ్చింది. కర్లపాలెంలో కూలిపనికి వెళ్ళే మనిషి, ఆపరేషనై పదిహేను రోజులు. కన్ను ఎర్రబడి వాచిపోయింది. మార్తమ్మగారు ఆవిడను సరాసరి డాక్టరుగారికి చూపించి, తర్వాత నన్ను పిలిపించారు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని నేను గదమాయించాను.

“ఫోను చేస్తామన్నారు కదమ్మా. చేస్తారని చూశాను.”

ఆరా తీస్తే తేలిందేమంటే, కర్లపాలెంవాళ్ళను తిరిగి పంపిన రోజు బస్సు డ్రైవరు తొందరపెట్టాడని కౌంటర్‌వాళ్ళు చెకప్ తేదీలు కంప్యూటర్లో ఎక్కించకుండానే, ఫోన్ చేస్తామని చెప్పి అందరినీ పంపేశారు. తేదీ ఎక్కిస్తేనే వరుస పడేది. అంటే చెకప్‌ల టేబుల్లో వాళ్ళకు ఒక్క వరుస కూడా లేదు. వరుసే లేనివాళ్ళకు ‘రాలేదు’ అని ఎక్కడుంటుంది? కౌంటర్‌వాళ్ళ మీద అరిచాను. అరిచి ఏం లాభం, ఆ క్వెరీ రాసింది నేను. ‘వచ్చినట్టు ఒక్క వరుసైనా లేనివాళ్ళను చూపించు’ అని అడగాల్సింది. దానికి నాట్ ఎగ్జిస్ట్స్ అని రెండు మాటలు చాలు. అవి పెట్టి నడిపితే పాత ఆరుగురితో కలిపి ముప్ఫై తొమ్మిదిమంది తేలారు.

మార్తమ్మగారు ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు.  నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

సుబ్బాయమ్మ కన్ను పోలేదుగానీ, మసక మిగిలిపోయింది. ఇప్పుడు ఏ క్వెరీ రాసినా, అసలు ఒక్క వరుస కూడా లేనివాళ్ళెవరో ముందు చూస్తాను. ఎవరైనా ఈ లిస్టులో ఫలానావాళ్ళు లేరేంటని అడిగితే కుర్చీ వేసి కూర్చోబెడతాను.

చివరి చెకప్‌కి వచ్చినప్పుడు సుబ్బాయమ్మ, ఈసారైనా తన పేరు ఎక్కించామా అని అడిగింది. స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను. బాగున్న కన్ను చేత్తో మూసుకుని, ఆపరేషన్ చేసిన కంటితో చాలాసేపు చూసింది.

“అలికేసినట్టుందమ్మా. నువ్వే చదువు.”

చదివాను.