హతవిధిగారి దిగులు

ఎవరికి ఏ కష్టం వచ్చినా, వాళ్ళకంటే ముందు తనే కుప్పకూలిపోవడం ఆ కాపలాదారు అలవాటు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. జనానికి మాత్రం ఆయన హతవిధిగారు.

ఏటి ఒడ్డున ఆయన కాపలా కాసే రక్షిత వనం సంగతి పక్క వీధివాళ్ళకే సరిగా తెలియదు. తుప్పు పట్టిన కంచె, రెండు గదుల ఆఫీసు, మరెక్కడా మొలవని ఊదాపూల మొక్కలు నలభై ఒకటి. వాటి కోసం కొత్తగా వచ్చిన అధికారిణికి మొదటి వారమే జ్వరం తగిలింది. ఆవిడ మాత్ర వేసుకుంటుంటే హతవిధిగారు కుర్చీలో కూలబడ్డారు.

"ఇంకేముందమ్మా. మీకు ముందు పనిచేసినాయనకీ ఇలాగే మొదలైంది."

"ఆయనకేమైంది?"

"బదిలీ అయిపోయింది."

నవ్వాలో ఏడవాలో తెలియక, ఆవిడే ఆయనకి మంచినీళ్ళు అందించింది.

ఇంకోసారి పడవవాడి పడవ రాయికి కొట్టుకుని పగిలింది. హతవిధిగారు గట్టు మీద తల పట్టుకున్నారు. "నీ పని అయిపోయిందిరా. పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోతావు?" ఆ వరస చూసి పడవవాడికే జాలేసింది. "ఊరుకో బాబాయ్, రెండు చెక్కలేగా, నాలుగు రోజుల్లో బిగించుకుంటా" అని ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టి వచ్చాడు.

ఆ ఏడు వరద వచ్చింది. మూడు రోజులు వనమంతా నీళ్ళే. నాలుగో రోజు బురద తేలింది. మొక్కలున్న చోట ఎవరిదో విరిగిన మంచం ఉంది. అధికారిణి ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఉద్యోగం మానేస్తున్నానని కాగితం రాసింది. ఏడుపు కూడా రాలేదు ఆవిడకి.

హతవిధిగారు కాగితం చదివి పక్కనే చతికిలబడ్డారు.

"మంచి పని చేశారు తల్లీ. ఒక్క మొక్క మిగిలితే నా పేరు మార్చుకుంటా. వేళ్ళు కూడా కుళ్ళిపోయుంటాయి."

"వేళ్ళు అంత తొందరగా కుళ్ళవండీ."

"ఆ పెద్ద రాళ్ళ వెనకైనా ఏముంటుంది, బూడిద."

"చూడకుండా ఎలా చెప్తారు మీరు?"

ఆవిడకి ఒళ్ళు మండింది. చెప్పులు విడిచి బురదలోకి దిగింది. సాయంత్రానికి రాళ్ళ సందుల్లో ఆరు మొక్కలు దొరికాయి. ముప్పై అయిదు పోయాయి. ఆరింటికీ చుట్టూ రాళ్ళు పేర్చి, కాగితం చింపేసి, ముసలాయనకి ధైర్యం చెబుదామని వాళ్ళింటికి వెళ్ళింది.

"పాపం బాగా కుంగిపోయారండీ" అంది ఆయన భార్యతో.

"ఎవరు, మా ఆయనా?" ఆవిడ చేస్తున్న పని ఆపింది. "ఇంట్లో ఆయన నిట్టూర్చగా నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. పొద్దున్నే వెళ్ళి రాళ్ళ వెనక ఆరు మొక్కలు చూసొచ్చారు. మేడంకి చెప్పకపోయారా అంటే, 'నేను చూపిస్తే చూసి వెళ్ళిపోతుంది, తను వెతుక్కుంటే ఉండిపోతుంది' అన్నారు."

లోపల్నించి కూనిరాగం వినిపిస్తోంది. అధికారిణి దగ్గింది. రాగం ఆగింది. హతవిధిగారు ముఖం వేలాడేసుకుని బయటికి వచ్చారు.

"ఆరు మొక్కలతో ఏం వనం తల్లీ, మన ఖర్మ కాకపోతే."

దొరికినవి ఆరు అని తను ఇంకా ఆయనకి చెప్పనేలేదు. ఆ మాట ఎత్తకుండా ఆవిడ అరుగు మీద ఆయన పక్కనే కూర్చుంది.

"అలా అనకండి. వాటికి విత్తనాలు వస్తాయి, చల్లుకుందాం" అని ఓపిగ్గా ఓదార్చడం మొదలుపెట్టింది.