కొళాయికి ఐదు చంకల దూరం

ఆ కాగితం నాలుగు రంగుల్లో ఉంది. వియత్నాం, ఏడు పగళ్ళు, ఆరు రాత్రులు, ముప్పై మంది, వెంట ఒక గైడు, రోజూ రాత్రి మన భోజనం. రెండో రోజు దగ్గర "ఫ్రెంచి కాలం నాటి పసుపుపచ్చ భవనాల మధ్య నడక" అని వేశారు. నేను పుదుచ్చేరిలో డెబ్బయ్యొక్క సంవత్సరాలుగా ఫ్రెంచి కాలం నాటి పసుపుపచ్చ భవనాల మధ్యే నడుస్తున్నాను. ఇంతవరకు నాకెవరూ గైడును పెట్టలేదు. నాలుగో రోజు దగ్గర, అక్కడి వంటవాళ్ళు మాకు ఛాయో చుట్టడం నేర్పుతారని ఉంది. పల్చటి బియ్యపు రేకులో రొయ్యలూ కూరలూ కూరి, చుట్టి, నూనెలో వేయించేదే ఛాయో. సైగాన్ నుంచి పుదుచ్చేరికి తిరిగొచ్చిన కుటుంబాల్లో ఇంటికి చుట్టాలొస్తే చేసే వంట అది. మా అమ్మ చేసేది. అమ్మ తర్వాత మా అక్క చేస్తోంది. అంటే ఎనభై మూడేళ్ళ మా అక్కకు ఛాయో నేర్పడానికి విమానం ఎక్కించి సముద్రం దాటిస్తారన్నమాట.

నేను ఆ కాగితం మీద ఎర్ర సిరాతో పదకొండు తప్పులు దిద్దాను. ఆరో రోజును మాత్రం ముట్టుకోలేదు. అక్కడ, సైగాన్‌లో మార్కెట్టు దగ్గర మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు ఖాళీ సమయం అని ఉంది. ఆ ఊరికి కొత్త పేరు పెట్టి చాలాకాలమైంది, కాగితంలోనూ అదే ఉంది. మా ఇంట్లో ఇంకా పెట్టలేదు. మా అక్క ఈ యాత్రకు పోవాలన్నది ఆ మూడు గంటల కోసమే. తతిమ్మా ఆరు రోజులూ ఆమెకు ప్రయాణపు బడలిక కింద లెక్క.

మా నాన్న సైగాన్‌లో ఫ్రెంచి దొరల ఆఫీసులో జవాను. దొరలు ఆ దేశం వదిలిపెడుతున్నారని తెలిసి, ఇక మనకిక్కడ చోటుండదని మమ్మల్ని ఓడ ఎక్కించి పుదుచ్చేరికి తెచ్చాడు. మేం వచ్చేసరికి ఇక్కడా దొరలు పెట్టెలు సర్దుకుంటున్నారు. అప్పుడు అక్కకు పన్నెండేళ్ళు, నాకు నాలుగు.

నాలుగేళ్ళ వాడికి ఏం గుర్తుంటుందని కొందరంటారు. నా జ్ఞాపకం అలాంటిది కాదు. నేను బడికి పోయింది మూడేళ్ళు, అదీ అరవంలో. తెలుగు అక్షరాలు పొట్లాల కాగితాలు చూసి నాకు నేనే నేర్చుకున్నాను. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు నలభై ఉంటే, తెలుగు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. బట్టల మిల్లులో పనిచేసిన ముప్పై ఎనిమిదేళ్ళూ నన్ను అందరూ "సైగాన్" అనే పిలిచారు. మా సైగాన్ సందు చివరి పసుపు గోడ, దాని మీదుగా వేలాడే కాగితంపూలు, నీలం తలుపు, ఆ పక్కన సింహం నోట్లోంచి నీళ్ళు కారే ఇత్తడి కొళాయి. ఆ సింహం గురించి వినని మనిషి ఆ మిల్లులో లేడు. కొందరు రెండోసారి వినకుండా తప్పించుకోవడానికి షిఫ్టు మార్చుకున్నారు.

ఈ యాత్రలు నడిపేది బజారులో జవుళి కొట్టువాళ్ళ కోడలు. కొట్టు మీద గదిలో ఆమె ఆఫీసు. నలభై ఏళ్ళుంటాయి. మామూలుగా నన్ను అంకుల్ అంటుంది, నా నుంచి ఏదైనా కావాలంటే పెద్దనాయనా అంటుంది. నా పదకొండు దిద్దుబాట్లూ ఓపిగ్గా చూసి, కాగితం సొరుగులో పెట్టి, విషయానికొచ్చింది.

"అవ్వకు ఎనభై దాటింది కదా పెద్దనాయనా. డాక్టరు కాగితం కావాల."

"తెస్తాం."

"కాగితం ఒకటే చాలదు. నడవాల. ఒకరు నిలిచిపోతే ముప్పై మంది నిలిచిపోవాల. పోయినసారి ఒకాయన గుహ లోపల కూర్చున్నాడు. మళ్ళీ లెయ్యలా."

"తర్వాత?"

"పడవ నడిపేవాళ్ళు ఎత్తుకొచ్చినారు. ఆయన ఈడ లాస్‌పేటలో ఇల్లు చేరేదాకా వాళ్ళని తిడతానే ఉన్నాడు."

కదిర్కామం ఆసుపత్రిలో డాక్టరు అక్క మోకాళ్ళు రెండూ నొక్కి, ఎందుకమ్మా అంత దూరం అని అడిగాడు. అక్క దాచకుండా చెప్పింది.

"ఒక కొళాయి చూడాల."

ఆయన నా వైపు చూశాడు. అవును, కొళాయే అన్నాను. తోడు మనిషి ఉంటే పోవచ్చు అని రాసిచ్చాడు.

ఆ కాగితం తీసుకుని ఇద్దరం మళ్ళీ జవుళి కొట్టు మెట్లెక్కాం. కోడలికి ఇంకా నమ్మకం కుదరలేదు. మార్కెట్టు దగ్గర బస్సు దిగి ఎక్కడికి పోతారు, ఎంత దూరం అని అడిగింది. నేను జేబులోంచి నేను గీసిన పటం తీశాను. నా కన్నా ముందు అక్క మాట్లాడింది.

"మార్కెట్టు పక్కనే అమ్మవారి గుడి. మన అరవ్వాళ్ళు కట్టింది. గుడి వెనక మా ఇల్లు. యింటి నుంచి కొళాయికి ఐదు చంకలు."

"ఐదు ఏంది అవ్వా?"

"చంకలు. నిండు బిందె ఒక చంకన పెట్టుకుంటే కొంచెం దూరానికి నొప్పెడతాది. ఇంకో చంకకి మార్చాల. కొళాయి నుంచి యింటికి వచ్చేలోగా ఐదు సార్లు మార్చేదాన్ని."

"అది ఎన్ని కిలోమీటర్లు?"

"ఈ ఊర్లోనూ కొలిచినా. మీ కొట్టు నుంచి కాలవ దాటి సముద్రానికి పోతే సరిగ్గా ఐదు."

ఇంత ఖచ్చితమైన కొలత ఆ ఆఫీసులో అంతకు ముందెవరూ చెప్పి ఉండరు. నేనప్పుడు ఒక ప్రతిపాదన చేశాను. రేపు రెండు గంటలకు ఇక్కడి నుంచి బయల్దేరతాం, సముద్రం దాకా పోయి ఐదు లోపల తిరిగొస్తాం. సైగాన్‌లో ఎంత ఎండో ఇక్కడా అంతే ఎండ. ఆమె గోడ గడియారం వైపు చూసింది.

"సరే. ఐదుకు బస్సు పోతాది. ఐదు దాటితే అవ్వ పేరు కొట్టేస్తా. తర్వాత బాధపడకూడదు."

"కొట్టెయ్," అంది అక్క.

మర్నాడు సరిగ్గా రెండుకు బయల్దేరాం. నేను గొడుగు, నీళ్ళ సీసా, పటం పట్టుకుని ముందు నడిచాను. గైడు ముందే నడవాలి కదా. పెద్ద కాలవ దగ్గర ఆగి అక్కకు వివరించాను.

"ఇది సైగాన్‌లో వంతెన అనుకో అక్కా."

"అనుకునేది ఏంది? వంతెనే కదా."

"మన ఇంటి దగ్గర ఒకటి ఉండేది."

"ఉండలా. సుమ్మా, మాట్లాడకుండా నడువు."

కాలవ దాటితే వైట్ టౌన్, ఒకప్పటి దొరల పేట. వీధులన్నీ గీత గీసినట్టు ఉంటాయి. సెలవు మీద వచ్చిన జనం గోడల ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. అక్క చిన్న చిన్న అడుగులతో, ఎవరివైపూ చూడకుండా, పెదవులతో ఏదో లెక్క పెట్టుకుంటూ వచ్చింది. రెండుసార్లు అరుగుల మీద కూర్చుంది. మూడోసారి కూర్చున్నది ఒక గెస్ట్‌హౌస్ మెట్టు మీద. అప్పటికి మూడూ పది. సముద్రం ఇంకా రెండు వీధులుంది.

ఆ ఇల్లు నాకు తెలిసి ఎప్పుడూ మాసిన తెల్ల సున్నంతో మూతపడి ఉండేది. కొన్నవాళ్ళు ఈమధ్యే బాగుచేసి రంగులేశారు. పసుపు గోడ. దాని మీద కాగితంపూలు. నీలం తలుపు. నేను గొడుగు మూసి, అక్కకు చూపించాను.

"చూడక్కా. సైగాన్‌లో మన సందు చివర ఇట్లాంటి గోడే."

"ఇట్లాంటిది కాదురా. ఇదే."

"ఇదే అంటే?"

"మనం ఓడ దిగినాక అమ్మ ఈ ఇంట్లోనే కదా దొరసాని దగ్గర పనికి పోయింది. మన వీధి బావి ఉప్పగా ఉంటే ఈడ నుంచే నేను నీళ్ళు మోసింది. నువ్వు నా పావడా పట్టుకోని ఏడస్తా వచ్చేవాడివి. అదిగో నీ సింహం."

నీలం తలుపు పక్క స్తంభానికి ఇత్తడి సింహం తల ఉంది. బాగా తోమారు. నోట్లోంచి ఒక మొక్క వేలాడుతోంది.

"మరి సైగాన్ కొళాయికి సింహం?"

"దానికి సింహం యాడిది. ఇనప గొట్టం. కారకుండా గుడ్డ చుట్టి ఉండేది."

"ఇన్నేళ్ళు నేను చెప్తుంటే ఎందుకు చెప్పలేదు?"

"బాగానే చెప్తాండావు కదా అని."

నేను సీసాలో నీళ్ళు తాగాను. అక్క మోకాలు రుద్దుకుంటూ, ఎదుటి గోడ వైపు చూస్తూ చెప్పింది. ఆ ఇనప గొట్టం దగ్గర పొద్దున్నే పెద్ద వరస ఉండేదట. అక్క వయసు పిల్లే ఒకతె, ఆ దేశపు పిల్ల, రోజూ ముందే వచ్చి తన డబ్బా పక్కన ఒక ఇటుక పెట్టేదట. ఆ ఇటుక మా అక్క చోటు. ఆ పిల్ల మాట అక్కకు రాదు, అక్క మాట ఆ పిల్లకు రాదు. రెండేళ్ళు అలాగే నీళ్ళు పట్టుకున్నారు.

"ఓడెక్కే రోజు నేను పోలా. పోతాండామని చెప్పను కూడా లేదు. ఆ పొద్దున కూడా ఇటుక పెట్టే ఉంటాది," అంది అక్క. "ఆ పిల్ల ఉంటాదని కాదు. ఆ చోటు చూడాల. అంతే."

నేను ఏదో అనేలోగా కాపలాదారు వచ్చాడు. మెట్ల మీద రూము తీసుకున్నవాళ్ళే కూర్చోవాలని అరవంలో మర్యాదగానే చెప్పాడు. డెబ్బయ్యేళ్ళ కిందట ఈ కొళాయి నీళ్ళు తాగినవాళ్ళం మేమని నేనూ మర్యాదగానే చెప్పాను. ఆ కొళాయికి నీళ్ళు రావు, అది అలంకారం అన్నాడతను. మేనేజరును పిలవమన్నాను. ఆయన నన్ను లోపలికి తీసుకుపోయి, అద్దంలో బిగించిన ఇంటి చరిత్ర చూపించాడు. దొరల గుర్రాలకు నీళ్ళు పట్టడానికి ఆ కొళాయి పెట్టారని అందులో ఉంది. గుర్రాలకు కాదు, మాకు అన్నాను. మీకు ఆధారం ఏమన్నా ఉందా అన్నాడు. ఉంది, ఆధారం బయట మెట్టు మీద కూర్చుని ఉంది అని చెప్పి, ఆయన్ని వెంటపెట్టుకుని బయటికొచ్చాను. మెట్టు మీద ఎవరూ లేరు.

సముద్రం వైపు పోయిందని కాపలాదారు చెప్పాడు. ఎంతసేపైందంటే, చాలాసేపైందన్నాడు. లోపల నేను ఎంతసేపున్నానో నాకు తెలియలేదు. చరిత్ర చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేను పూర్తిగా చదివాను. తతిమ్మా తప్పులు కూడా చెప్పాల్సొచ్చింది.

సముద్రం గట్టుకు పోయి ఈ చివర నుంచి ఆ చివరకు వెతికాను. రాళ్ళ మీద చూశాను. ఎనభై మూడేళ్ళ మనిషి, చేతిలో నీళ్ళ సీసా కూడా లేదు, అది నా దగ్గరుంది. గొడుగూ నా దగ్గరే ఉంది. ఎదురొచ్చిన ప్రతి ముసలామె ముఖంలోకీ చూశాను. ఒకామె తన కొడుకును పిలిచింది. చివరికి, పోలీసుల దగ్గరికి పోయే ముందు కొట్టులో చెప్పి పోదామని బజారు వైపు తిరిగాను.

మెట్లెక్కేసరికి ఐదూ పద్నాలుగు. అక్క గోడ గడియారం కింద కుర్చీలో కూర్చుని గోలీసోడా తాగుతోంది.

"అవ్వ నాలుగూ నలభైకే వచ్చేసింది," అంది జవుళి కొట్టు కోడలు. "మీరు యాడికి పోయినారు పెద్దనాయనా?"

"ఒక చరిత్రలో తప్పు దిద్దడానికి."

"బస్సు పోయింది."

అక్కను అడిగాను, చెప్పకుండా ఎందుకు పోయావని.

"నువ్వు లోపల బాగా మాట్లాడతాండావు. ఐదు చంకలు ఎవరి కోసం ఆగతాయి?"

కోడలు సొరుగులోంచి మా దరఖాస్తు తీసింది. ప్రయాణికురాలు అన్న చోట అక్క పేరు, తోడుగా వచ్చేవారు అన్న చోట నా పేరు నేనే రాసి ఉన్నాను. ఆమె రెండూ చూసి, కలం నా చేతికిచ్చింది.

"అవ్వ సంగతి సరే. ఆమె పేరు ఖాయం. ఇప్పుడు మీ సంగతే ఆలోచించాల. ఆ దేశంలో ఎవరితోనూ వాదించనని రాసియ్యండి."

"ఏ భాషలో?"

"మీకు ఏది వస్తే అది."

తెలుగులో రాశాను. మా వాళ్ళందరిలాగే ఆమెకూ తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పైకి చదివి వినిపించమంది. "అకారణంగా" అనే మాట ఒకటి మధ్యలో చేర్చి ఉన్నాను, దాన్ని కొంచెం తొందరగా చదివాను. తర్వాత దరఖాస్తులో రెండు పేర్లకూ అడ్డగీత కొట్టి, ప్రయాణికురాలు అన్న చోట నా పేరు, తోడుగా వచ్చేవారు అన్న చోట అక్క పేరు రాశాను. డాక్టరు కాగితానికి ఇది విరుద్ధమే. ఆమె అభ్యంతరం చెప్పలేదు.

ప్రయాణం వచ్చే నెల. అక్క రోజూ పొద్దున పాల బూత్ దాకా పోయి వస్తోంది, నేను వెనక నడుస్తున్నాను. నిన్న పెట్టె సర్దుతూ ఉన్నట్టుండి అడిగింది.

"ఒరే, ఆ కొళాయి ఇంకా ఉంటాదా?"

సైగాన్ గురించి ఎవరేమడిగినా జవాబు చెప్పడం నాకు అలవాటు. నోరు తెరిచాను కూడా.

"నాకు తెలియదక్కా," అన్నాను.

అక్క పెట్టెలో చీరలు ఒక పక్కకు జరిపింది.

"అయితే ఒక చెంబు పెట్టు," అంది. "ఉంటే పట్టుకుందాం."

పెట్టాను.