కారుకి కాపడం

ఈ మధ్య పిస్కాటవేలో ఒక స్నేహితురాలి ఇంట్లో పాత రూమ్ హీటర్ వేస్తే వేడెక్కిన రబ్బరు వాసన గదంతా నిండింది. అందరూ కంగారుగా ప్లగ్ పీకేశారు. నాకు మాత్రం నార్త్ డకోటాలో గడిచిన నా చిన్నప్పటి చలికాలాలు, వాటితోపాటు ఇన్నేళ్ళయినా తగ్గని ఒక కోపం గుర్తుకొచ్చాయి.

అమ్మ అక్కడ ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. నాన్న ఉద్యోగం వేరే రాష్ట్రంలో. ఒక ఏడాది విజయవాడ నుంచి అమ్మమ్మ కూడా వచ్చి ఉంది. నవంబరు దాటితే ముక్కులో తడి గడ్డకట్టి గుచ్చుకునేది, అమ్మమ్మ నా కోటు జేబులో పెట్టిన సున్నుండ బడికి చేరేలోగా రాయయ్యేది, ఊళ్ళో ప్రతి కారు ముందూ ఒక ప్లగ్ వేలాడుతూ ఉండేది. ఇంజిన్‌లో ఉండే చిన్న హీటర్‌ని పార్కింగ్‌లో స్తంభానికున్న కరెంటుకి తగిలించి ఉంచితేనే పొద్దున కారు కదిలేది. అమ్మ డ్యూటీ నుంచి రాగానే అది తగిలించి, బానెట్ మీద పాత రగ్గు కప్పేది. పొద్దున రగ్గు తీస్తే వేడెక్కిన రబ్బరు వాసన గుప్పుమనేది.

"అదేం బండే తల్లీ, చంటిపిల్లకి మల్లే దానికి కాపడం పెట్టాలా!" అని అమ్మమ్మ కిటికీలోంచి చూసి బుగ్గలు నొక్కుకునేది.

ఆ డిసెంబరులో మా అపార్ట్‌మెంట్లకి కొత్త మేనేజర్ వచ్చాడు. కరెంటు వృథా అవుతోందని, ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా, స్తంభాలకి సప్లై ఆపేశాడు. ఆఫీసు వరండాలో క్రిస్మస్‌కి పెట్టిన లైట్ల జింకలు మాత్రం పట్టపగలు కూడా వెలుగుతూనే ఉన్నాయి!

మర్నాడు పొద్దున అమ్మ తాళం తిప్పితే కారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. వరసలో ఏ కారూ కదల్లేదు. అంతలో ఆసుపత్రి నుంచి ఫోన్, ఊపిరాడని పసిపాపని తీసుకొచ్చారని. ఊళ్ళో పిల్లల డాక్టరు అమ్మ ఒక్కతే. చివరికి ఒక నర్సు తన కారులో వచ్చి తీసుకెళ్ళింది. పాప బతికింది. కానీ అంతసేపూ ఆ తల్లి తలుపు వైపే చూస్తూ కూర్చుందట.

సాయంత్రం అమ్మ కోటైనా విప్పకుండా నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. మేనేజర్ నవ్వాడు.

"మీ దేశంలో చలి ఉండదు కదా, మీకు అలవాటు లేదంతే" అన్నాడు.

అతను ఎండలు మండే అరిజోనా నుంచి దిగి నిండా నెల కాలేదు! నేను ఆ మంచులోనే నడక నేర్చుకున్నాను!

అమ్మ వరండాలోకి వచ్చి, జింకలకి కరెంటిచ్చే పొడుగు వైరు నుంచి వాటి ప్లగ్ పీకేసింది. మా కారు ఆఫీసు ఎదురుగానే ఉంది.

"శ్రావ్యా, ఆ వైరు కారు దాకా లాగు."

"అమ్మా, మనం ట్రబుల్‌లో పడతామా?"

"పడితే పడదాం. లాగు."

మేనేజర్ బయటికొచ్చి పోలీసుల్ని పిలుస్తానని అరిచాడు. "పిలవండి. వాళ్ళ పిల్లలకీ డాక్టరుని నేనే" అంది అమ్మ ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి మా పక్కన నిలబడ్డారు. ఆ సాయంత్రమే స్తంభాలకి కరెంటు వచ్చింది.

ఎండలు రాగానే మా లీజు పొడిగించలేదు. ఆఫీసు సొత్తు పాడుచేశామట! ఆ చిన్న ఊళ్ళో వేరే ఇల్లు దొరక్క, నాన్న ఉన్న రాష్ట్రానికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. చలికాలమంతా ఆ కరెంటుతోనే కార్లు నడుపుకున్నవాళ్ళలో ఒక్కరూ నోరు మెదపలేదు. మేము సామాను ఎక్కించుకుంటుంటే కర్టెన్ల చాటు నుంచి చూశారు. నా బడి, నా స్నేహితులు, నా వీధి అక్కడే ఉండిపోయాయి.

అమ్మ ఇప్పుడు రిటైరై అల్ఫారెట్టాలో ఉంటోంది. ఈ సంగతి ఎత్తితే "ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా, వదిలెయ్యవే" అంటుంది. నాకది చేతకావడం లేదు. కిందటేడు ఆఫీసు పనిమీద వెళ్ళి ఆ ఊరు చూసొచ్చాను. స్తంభాలు లేవు, ఆ పాత ఇళ్ళూ లేవు. వాటి చోట వెచ్చటి గరాజ్‌లున్న పెద్ద భవనం లేచింది. ఇన్నేళ్ళూ దాచుకున్న నాలుగు మాటలూ అడిగేద్దామని వెళ్ళినదాన్ని, వినేవాళ్ళెవరూ లేక, పళ్ళు కొరుక్కుంటూ కాసేపు ఆ గాలిలోనే నిలబడ్డాను.