మా బావ రెండు సీట్ల కారు

మా బావ పోయాడన్న కబురు నాకు ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. షిఫ్టు దిగి బయటికొస్తుంటే, అక్కావాళ్ళ పక్కింటాయన నా కోసం నిలబడి ఉన్నాడు. చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, "మీ బావ మరి లేడు బాబూ" అన్నాడు. అన్నం తిని పెరట్లో అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. అక్క వక్కపొడి తెచ్చేసరికి అంతా అయిపోయింది.

ఇది మొన్న శ్రావణంలో సంగతి. పేపర్లో రాసేంత గొప్పవాడా మీ బావ అని మీరడిగితే, కాదు. హార్బరు ఆఫీసులో గుమాస్తా. వచ్చే ఓడలకీ పోయే ఓడలకీ కాగితాలు చూసేవాడు. పాట రాదు, పేకాట రాదు, ఎవరితోనూ గట్టిగా పోట్లాడింది కూడా లేదు. నాకు ఉద్యోగం దొరికేదాకా నేను ఆ ఇంట్లోనే తిన్నాను, ఆ ఇంట్లోనే పడుకున్నాను. ఇంకా దొరకలేదా అని ఒక్కనాడూ అడగలేదు. బామ్మర్దినైనా నన్నూ బావా అనే పిలిచేవాడు. పులుసులో చేప తలకాయ నా కంచంలోకి తోసేసి, తనకి ముళ్ళు ఏరుకునే ఓపిక లేదని అబద్ధమాడేవాడు. అలాంటి నెమ్మది మనిషి తన జన్మలో చేసిన వింత పని ఒక్కటే. ఒక కారు కొన్నాడు. అది నడవని కారు.

డెబ్బైల మొదట్లో మాట. హార్బరులో పనిచేసి తన దేశం వెళ్ళిపోయిన ఎవరో తెల్ల ఇంజనీరు వదిలేసిన బండి అది. రెండే సీట్లు. పైన కప్పు లేదు. ముక్కు పొడుగ్గా, నేలకి ఆనుకుని ఉండేది. పందేల్లో పరిగెత్తే జాతి అని బావ గర్వంగా చెప్పేవాడు. చేతులు మారీ మారీ ఆఖరికి వాల్తేరు మిట్ట మీద ఒకరి షెడ్డులో చేరింది. ఇంజను బిగుసుకుపోయింది, సీట్లో కోడి పొదుగుతోంది. బావ తన స్కూటరిచ్చేసి దాన్ని లారీ మీద తెచ్చుకున్నాడు. నడిచే బండి ఇచ్చి నడవని బండి తెచ్చుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మా కోటవీధంతా గుమ్మాల్లోకొచ్చి వేడుక చూస్తుంటే అక్క తలుపేసుకుని లోపలే కూర్చుంది.

ఎందుకు కొన్నావంటే మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ఎప్పుడో నూతి దగ్గర చేతులు రుద్దుకుంటూ చెప్పాడు. పెళ్ళైన కొత్తలో అక్కని భీమిలి తీసుకెళ్తానని మాటిచ్చాడట. మధురవాడ మీదుగా, తగరపువలస దగ్గర మలుపు తిరిగి, సముద్రం దాకా. ఆ తర్వాత అక్కకి కడుపు నిలవలేదు. మళ్ళీ మళ్ళీ అదే అయింది. ఇల్లు దాటిందంటే ఆస్పత్రికే. "నా ఇంటికొచ్చి అదేటి సుకపడింది బావా? ఒక్కపాలి మారానీలాగ కూకోబెట్టి తిప్పుకొత్తే సాలు నాకు" అన్నాడు. ఈ సంగతి అక్కకీ తెలుసు. బస్సెక్కినా భీమిలి వస్తుంది కదా అని తను అంటూనే ఉండేది. బావ వినిపించుకునేవాడు కాదు.

ఇక ప్రతి ఆదివారం పెరట్లో పనే. అక్క ఇత్తడి గంగాళంలో కిరసనాయిలు పోసి పిస్టన్లు నానబెట్టాడు. ఆ గంగాళం మళ్ళీ వంటింటి మొహం చూడలేదు. విడిభాగాలు ఇక్కడ దొరకవు కాబట్టి అంబాసిడర్ దీపాలు వచ్చాయి, జీపు పంపు వచ్చింది, లారీ హారను వచ్చింది. ఓడ మీద సరుక్కి కప్పే టార్పాలిన్‌తో పాతూరు టైలరు సాయిబు మడతపెట్టే టాపు కుట్టాడు. ఎంతవరకు వచ్చిందని ఎప్పుడడిగినా బావ ఒకటే మాట. "సిన్న పనే బావా, ఇంక సిన్న పనే ఉంది." దసరాకి దానికీ పూజ చేసేవాళ్ళం. చక్రాల కింద నిమ్మకాయలు పెడితే బండి తొక్కాలి కదా. మాది కదలదు. వీధిలో మగాళ్ళంతా చేరి వెనకనుంచి తోసి తొక్కించేవాళ్ళం. నేను విసుక్కుంటూనే తోసేవాణ్ణి.

అసలు దెబ్బ రంగు దగ్గర తగిలింది. హార్బరు దుమ్మూ సముద్రపు గాలీ కలిసి మా ఊళ్ళో కిటికీ చువ్వల్నే తినేస్తాయి, కారెంత. బావకి ఓడలకి రంగులేసే ముఠాతో స్నేహం. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానే ఓడని కాపాడే రంగు, గట్టు మీదుండే కారుని కాపాడదా అన్నారు వాళ్ళు. మాకందరికీ సబబుగానే తోచింది. ఒక ఆదివారం వచ్చి తుప్పు గీకి, ఎర్రసీసం రంగు పొర మీద పొర పట్టించారు. తలుపుల అడుగునా, బండి బరువు మోసే పక్క దూలాల కిందా సన్నటి కన్నాలు కనపడ్డాయి. ఓడ వాళ్ళ కంటికి కన్నమంటే కన్నమే, మూసెయ్యాల్సిందే. మైనమూ తారూ కూరి ఒక్కటీ వదలకుండా బిగించేశారు. బావ వంగి చూసి, చుక్క నీరు కూడా లోపలికి దిగదని మురిసిపోయాడు. ఆ రోజు అక్క అందరికీ చేపల పులుసు పెట్టింది. ఆ ఇంట్లో అంత నవ్వు నేను మళ్ళీ వినలేదు.

ఆ కన్నాలు నీళ్ళు బయటికి పోవడానికి పెట్టినవని మాలో ఒక్కడికీ తెలియదు. అద్దాల సందుల్లోంచి దిగిన వాన లోపలే నిలిచిపోయింది. ఎన్ని వానాకాలాలు అలా నిలిచిందో. పైన మాత్రం కారు పెళ్ళికూతురిలా మెరుస్తూనే ఉంది.

ఎనభైలు వచ్చాయి. ఒక పొద్దున్న ఇంజను పలికింది. పెరడంతా పొగ, ఇల్లంతా అదురు. బావ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, అక్కని పిలుస్తున్నాడు. అక్క పెట్టెలోంచి జరీ చీర తీసి కట్టుకుని వచ్చింది. నిజం చెప్పాలంటే తను అంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ గమనించలేదు. బావ తలుపు తీసి పట్టుకున్నాడు. అక్క కూర్చుని రెండు కాళ్ళూ లోపల పెట్టింది. కాళ్ళ కింద అడుగు ఊడి నేల మీద పడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. అక్క పాదాలు మట్టిలో ఉన్నాయి. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. వీధిలో వాళ్ళు మొదట నవ్వారు, బావ మొహం చూసి ఆపేశారు.

"ఏటీ అవనేదండి. ఇలాగే తోలండి. నాను కాళ్ళెత్తుకుంటాను" అంది అక్క.

బావ ఇంజను ఆపేశాడు. స్క్రూడ్రైవరు తీసుకుని బండి కిందకి దూరాడు. ఎక్కడ పొడిస్తే అక్కడ నానిన అప్పడంలో దిగినట్టు దిగిపోయింది. ఇన్నాళ్ళూ దాన్ని నిలబెట్టింది రంగే. మెకానిక్కుని తీసుకొస్తే, రోడ్డెక్కితే నడుం దగ్గర రెండుగా విరుగుతుందని చెప్పాడు. అతుకెయ్యమంటే, అతుకెయ్యడానికైనా ఇనుముండాలి కదా అన్నాడు.

ఆ తర్వాత బావ నోట 'సిన్న పనే' అన్న మాట రాలేదు. ఆఫీసుకి వెళ్ళేవాడు, వచ్చేవాడు, కారుకేసి వీపు పెట్టి అరుగు మీద కూర్చునేవాడు. బస్సులో వెళ్దామని అక్క మళ్ళీ అడిగింది. ఎల్దాం అన్నాడు. వెళ్ళలేదు. భీమిలి ఎంత దూరమని! పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. నాకు అన్నం పెట్టిన మనిషి, తండ్రిలాంటివాడు. అయినా ఆ ఒక్క విషయంలో ఆయన మీద నా కోపం చావలేదు. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద చూపించను?

పోయిన వారం పాత ఇనుము కొనే సాయిబుని పిలిపించాం. వద్దంటుందేమో అనుకున్నాను గానీ, తీసుకుపొమ్మని అక్కే చెప్పింది. ట్రాక్టరు వెనక తాడు కట్టారు. నెమ్మదిగా లాగితే కొట్టు దాకా విరక్కుండా వస్తుందనీ, స్టీరింగు పట్టుకోడానికి ఒకరు కూర్చోవాలనీ సాయిబు అన్నాడు. నేను ఎక్కాను. గోడ పక్కన నిలబడ్డ అక్క వచ్చి, రెండో తలుపు తీసి, నా పక్కన కూర్చుంది. బావ పెద్దకర్మ అయి నెల తిరగలేదు. వీధిలో ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. సాయిబు "అమ్మా" అని, తాడు ముడి మరోసారి బిగించాడు.

ట్రాక్టరు కదిలింది. కోటవీధి దాటి ఇనుప కొట్ల సందువైపు తిరిగింది. ఆ దారిలో సముద్రం కనపడదు. ట్రాక్టరు పొగ మా మొహాల్లోకి కొడుతోంది. కళ్ళు మూసుకోమని అక్కకి చెప్పాను.

"మెల్లగా పోనియ్యమను" అంది.

తల మాత్రం ఎత్తలేదు. కుచ్చిళ్ళు పోగుచేసి పట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని, తన కింద వెనక్కి జరిగిపోతున్న రోడ్డునే చూస్తూ కూర్చుంది.