ఉయ్యూరులో దిగిన పెద్దావిడ

విజయవాడ నుంచి చల్లపల్లి వెళ్లే బస్సులో పక్కనున్న పెద్దావిడ నా ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూసి అడిగారు.

"ఏంటమ్మా అది, కోడిగుడ్డా?"

నాలుగేళ్లుగా ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్నా, అదేమిటని ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు.

"రెండు పరమాణు కేంద్రకాలు ఢీకొంటే చిన్న నిప్పుబొట్టు పుడుతుందండీ. మనం చూసేలోపే మాయమవుతుంది. అందులోంచి వచ్చిన కణాలను రెండేసి చొప్పున కలిపి చూసి, ఆ నిప్పుబొట్టు ఆకారం కొలుస్తాం. ఆ ఆకారమే ఇది."

ఆవిడ ముందుకు వంగి ఆ బొమ్మని మళ్లీ చూశారు.

"మా ఆయన ఫోటో ఒక్కటీ లేదమ్మా. కొడుకులిద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఆయన మొహం కనపడేది. ఇప్పుడు వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఉయ్యూరు వచ్చేదాకా ఆవిడ వదిలించుకోలేదు.

ఆవిడ దిగాక నా పక్కన ఎవరూ కూర్చోలేదు.