టైలరమ్మ దాచిన నెల

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. టైలరమ్మ అబద్ధం ఎంత బాగా అతికిందంటే, చివరికి ఊడదీసుకుందామన్నా రాలేదు.

రెండో కాన్పు వచ్చే నెలాఖరుకని ఇంట్లో చెప్పింది. నిజానికి ఈ నెలాఖరుకే. "కడుపు మరీ ఇంతుందేమే?" అని అత్త అడిగితే, "మా అమ్మ వైపు అందరికీ ఇంతే అత్తయ్యా" అని కుట్టుమిషను వెనకాల సర్దుకుని కూర్చుంది. బస్సు నడిపే మొగుడికి రూట్లు తప్ప తేదీలు గుర్తుండవు. అతనితో పేచీ లేదు.

ఇంతకీ ఎందుకీ దాపరికమంటారా? అత్త పెద్దాసుపత్రి పురిటి వార్డులో ఆయాగా చేసి రిటైరైన మనిషి. గొంతెత్తితే పక్క వార్డులో పసిపిల్లలు కూడా ఉలిక్కిపడేవాళ్లు కాబట్టి అక్కడ అందరూ ఆమెను సైరనక్క అనేవారు. మంచి మనిషే. మనవరాలికి ఒళ్లు వెచ్చబడితే రాత్రంతా కునుకు తీయదు. కానీ అన్నాల దగ్గర ఆమె చెప్పే కథలన్నీ వార్డు కథలే. నొప్పులకు అరిచేవాళ్ల తొడమీద ఒక్కటిచ్చి, "అప్పుడు కులికావుగా, ఇప్పుడు కేకలెందుకే?" అంటే ఎలా గప్‌చుప్ అయ్యేవాళ్లో చెప్పి పగలబడి నవ్వేది. ఆమె కొడుకూ నవ్వేవాడు. టైలరమ్మ మాత్రం నీళ్లు తెచ్చే వంకతో లేచిపోయేది.

మొదటి కాన్పులో ఆ దెబ్బ తిన్నది తనే మరి. ఆ రోజు అత్తకు డ్యూటీ లేదు, ఊళ్లో కూడా లేదు. కొట్టిన ఆయాకు ఈమె ఎవరి కోడలో తెలియదు. తలుపు వేసేశారు, తనవాళ్లంతా బయటే ఉండిపోయారు. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని కూతుర్ని కన్నది. నొప్పి ఆ పూటతో పోయింది గానీ ఆ మాట పోలేదు. ఎవరితో చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది.

వెనక వీధిలో ఒక మంత్రసాని ఉంది. ఊరు ఇంత పెరిగినా, ఆసుపత్రి గడప తొక్కనని మొండికేసిన ఆడవాళ్లు ఆమెనే పిలుచుకుంటారు. ఆమె కసరదు, చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు తేరుకునేలోగా ఆమె చేతిమీదుగా పని కానిచ్చేయాలని టైలరమ్మ ఎత్తు.

ఒక మధ్యాహ్నం స్కూలు చొక్కాకు కాలరు కుడుతుండగా నడుములో మొదలైంది. పళ్లు బిగబట్టి ఆ కాలరు పూర్తిచేసింది. రెండోదానికి గుడ్డ సూది కింద ముద్దయిపోయింది. వంటగదిలోంచి అత్త చూడనే చూసింది.

"నొప్పులే! ఇంకా నెలుంది కదే! నెల తక్కువ బిడ్డంటే అద్దాల పెట్టెలో పెట్టాలి. లే, ట్యాక్సీ పిలుస్తున్నా."

చూశారా విడ్డూరం! ఆసుపత్రి తప్పించుకోవడానికి ఏ నెల కలిపి చెప్పిందో, ఆ నెలే ఇప్పుడు రెక్క పట్టి ఆసుపత్రికి ఈడుస్తోంది. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుపోయింది పిచ్చిది. నిజం చెప్పక తప్పలేదు.

"నెలలు నిండాయి అత్తయ్యా. నేనే అబద్ధం చెప్పాను. మీకు దణ్ణం పెడతాను, మంత్రసానిని పిలవండి."

"మతి పోయిందా? ఎందుకే?"

"పోయినసారి నన్ను కొట్టారు. అప్పుడు కులికావుగా అన్నారు. మీరు చెప్పి నవ్వుతారే, అదే మాట."

అత్త చెవి దగ్గరి ఫోను దించింది. తర్వాత, "నా కోడలివని చెప్పుండాల్సింది. చెయ్యి వేసేవాళ్లా?" అంది.

"మిగతావాళ్లు ఎవరి కోడలినని చెప్పుకోవాలి అత్తయ్యా?"

అత్త ఫోను బల్లమీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లి మంత్రసానిని వెంటబెట్టుకొచ్చింది. మంత్రసాని చేతులు కడుక్కుని, కడుపు తడిమింది. మళ్లీ తడిమింది.

"బిడ్డ అడ్డం తిరిగింది తల్లీ. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. ఆలస్యం చేస్తే ఇద్దరూ దక్కరు."

టైలరమ్మ అప్పుడు ఏడ్చింది. అంత నొప్పిలో రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

వార్డులో మర్యాదలకేం లోటు లేదు. "సైరనక్క కోడలా! ముందే చెప్పొద్దూ!" అంటూ ఒక కుర్ర ఆయా పరుగున స్ట్రెచరు తెచ్చింది. పాత మనిషని అత్తను కూడా లోపలికి రానిచ్చారు. ఆపరేషను గది ముందు ఆగినప్పుడు, పక్క మంచం మీద నొప్పులు పడుతున్న ఎవరో చిన్నపిల్ల కేకపెట్టింది. కుర్ర ఆయా గిరుక్కున తిరిగి ఆ పిల్ల తొడమీద ఒక్కటిచ్చింది.

"అప్పుడు కులికావుగా, ఇప్పుడు కేకలెందుకే?"

ఆ వెంటనే అత్త వైపు చూసి నవ్వింది. "మీరు నేర్పిందే అక్కా!"

అత్త నవ్వలేదు. నవ్వనంత మాత్రాన ఆ దెబ్బ వెనక్కి రాదుగా.

ఆపరేషనయ్యాక బిడ్డ క్షేమం, తల్లి క్షేమం. మర్నాడు ఆ చిన్నపిల్లది పక్క మంచమే అయింది. తన బిడ్డను ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"అక్కా, మీ వైపు ఇంటికొచ్చి పురుడు పోసేవాళ్లెవరైనా ఉన్నారా? ఇంకోసారి ఇక్కడికి రాలేను."

ఉందని చెబితే? తన బిడ్డలా అడ్డం తిరిగితే ఈ పిల్ల గతేమిటి? లేదని చెబితే మళ్లీ ఇదే మంచం, ఇదే చెయ్యి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. టైలరమ్మ అత్త వైపు చూసింది.

సైరనక్క అని పేరున్న మనిషి గొంతు వినీ వినపడనట్టు వచ్చింది. "ఇక్కడికే రామ్మా. వచ్చే ముందు నాకు కబురు పెట్టు. నేనొచ్చి నీ పక్కన నిలబడతాను."

"తోడొచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు కదా అమ్మమ్మా?"

అత్త తల దించుకుంది. ముప్పై ఏళ్లు ఆ తలుపు దగ్గర నిలబడి, వచ్చిన అమ్మలందరినీ బయటికి నెట్టింది ఆమే.