మిగతా కథ వెండితెరపై

నా చిన్నప్పుడు మా సిరిసిల్లలో సినిమా చూసినవాళ్లకంటే సినిమా విన్నవాళ్లే ఎక్కువ. ఒక్కరు చూసి వస్తే వాడకట్టంతా చూసినట్టే లెక్క. మగవాళ్లు సాంచల మీదికి పనికి పోయాక ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని, బీడీలు చుడుతూ, చూసొచ్చిన మనిషి చుట్టూ చేరేవాళ్లు. మరమగ్గాలను మేం సాంచలంటాం. వాటి చప్పుడుకు అలవాటుపడి మా ఊరివాళ్ల గొంతులన్నీ పెద్దవే, ఏడుపు కథైనా అరిచే చెప్పాలి. ఇప్పుడు మా మనవరాలు ఫోన్‌ని వేలితో తోసి తోసి, ‘ఏం చూడాల్నో సమజైతలేదు నానమ్మా’ అని మూతి ముడుచుకుంటుంది. ఇన్ని సినిమాలు అరచేతిలో పెట్టుకుని ఏం చూడాలో తెలియకపోవడం ఏం రోగమో నాకర్థం కాదు. ఏ మనిషికి ఏ పూట ఏ సినిమా చెప్పాలో నాకు నేర్పింది మా పక్కింటి అక్క. అది నేర్చుకున్న రోజులు మాత్రం పగవాళ్లకు కూడా వద్దు.

అక్కకు అప్పుడు పద్దెనిమిదేళ్లుంటాయి. వాళ్లింట్లో ఉర్దూ, మాతో మా తెలుగే. వాళ్ల నాన్న ఊరంతా తిరిగి రద్దీ, అంటే పాత చిత్తు కాగితాలు, కొని తెచ్చేవాడు. అక్కా వాళ్లమ్మా వాటిని పొట్లాలుగా అంటించి దుకాణాలకు ఇచ్చేవాళ్లు. అక్క చేతికి ఎప్పుడూ మైదా జిగురు అంటుకునే ఉండేది. ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది కాబట్టి, చేతికొచ్చిన కాగితాన్ని చదవకుండా పొట్లం చేసేది కాదు.

మా బాపు దుబాయి పోయాడు. మొదట్లో నెలకో ఉత్తరం వచ్చేది. తర్వాత రెండు నెలలకొకటి, ఆ తర్వాత అదీ లేదు. బాపుతో ఒకే క్యాంపులో ఉన్నాయన కోరుట్లకు తిరిగొచ్చాడని తెలిసి, అమ్మ నన్నూ చెల్లెనూ వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆయన మా మొహాలు చూడలేక నేల చూస్తూ, ‘మీ ఆయిన క్యాంపు ఇడిసిపెట్టి పోయిండమ్మా. ఏడికి పోయిండో ఎవలకూ ఎర్క లేదు. ఉన్నడో లేడో నేనెట్ల చెప్త?’ అన్నాడు. తిరుగు బస్సులో అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నేను ఆమె కొంగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆమెకు నేనున్న సంగతే గుర్తున్నట్టు లేదు.

ఆ తర్వాత అమ్మ మా ఇంట్లో ఉంది గానీ లేదు. బీడీల కోసం నానబెట్టిన తునికాకు నీళ్లలోనే కుళ్లి వాసన కొట్టేది. కంచంలో కలిపిన అన్నం కలిపినట్టే ఎండిపోయేది. చుట్టాలు వచ్చి, అమ్మ ముందే, బొట్టు ఉంచాలా తీసేయాలా అని వాదులాడుకున్నారు. చచ్చాడని తెలిస్తే ఏడ్చి ఊరుకుంటారు, బతికున్నాడని తెలిస్తే ఎదురుచూస్తారు. రెండూ కాని మనిషి ఏం చేయాలి? నాకు తొమ్మిదేళ్లు. నాకేం తెలుసు? బడి నుంచి ఉరుకుతూ వచ్చి, గుమ్మంలోంచే అమ్మ కూర్చున్న మూల చూసేదాన్ని. కనిపిస్తే గుండె కుదుటపడేది.

ఒకరోజు పొద్దున అమ్మ మామూలు మనిషిలా లేచింది. ఇల్లు అలికింది, ముగ్గేసింది. మాకు తలంటి, జడలు బిగించి వేసి, బతుకమ్మకని దాచిన కొత్త గౌన్లు తొడిగింది. పండుగ కాదు పబ్బం కాదు, చెరో కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టింది. అమ్మకు బాగైందని నేను ఎంత మురిసిపోయానో! తర్వాత తన బీడీల కత్తెరను పాత గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, ‘గిది పక్కింటి అక్కకియ్యి, ఉంచుకోమను. నువ్వూ చెల్లె పొద్దూకెదాక ఆడనే ఉండుండ్రి’ అంది. బీడీలు చేసే మనిషికి కత్తెరంటే చేతికి ఆరో వేలు. దాన్ని ఎవరికైనా ఎందుకిస్తారని నాకు తోచలేదు. గుడ్డు తిన్న సంబరంలో గెంతుకుంటూ పోయాను. ఆ గెంతులు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను రెండు పీకాలనిపిస్తుంది.

అక్క గుడ్డ విప్పి కత్తెర చూసింది. మా కొత్త గౌన్లు చూసింది. ‘అమ్మ తిన్నదా?’ అని అడిగింది. తినలేదన్నాను. అంతే, జిగురు చేతులు కడుక్కోకుండానే లేచి ఉరికింది. చెల్లెను వాళ్లమ్మ పట్టుకుంది. నేను అక్క వెనకాల ఉరికాను.

మా తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పట్టపగలు మా వాడలో తలుపులు వేసుకునేవాళ్లే లేరు. అక్క రెండు చేతులతో బాదుతూ, ‘చిన్నమ్మా! కత్తెర నాకెందుకిచ్చినవ్? నాకు బీడీలు చెయ్యనే రాదు! తలుపు తీసి నేర్పు!’ అని అరిచింది. లోపల చప్పుడు లేదు. నేను ‘అమ్మా’ అని ఏడుపు మొదలుపెట్టాను. మగవాళ్లంతా పనిమీద ఉన్నారు, సాంచల మోతలో మా కేకలు ఎవరికీ వినపడవు. వాళ్లను పిలుచుకురమ్మని అక్క నన్ను తోసింది గానీ, నా కాళ్లు కదల్లేదు. అప్పుడు అక్క ఏం చేసిందో తెలుసా? తలుపుకు చెంప ఆనించి, మూసిన తలుపుకు సినిమా కథ చెప్పడం మొదలుపెట్టింది.

అది పాత సినిమా, తెలుపు నలుపుది. ఓడ మీద వ్యాపారానికి పోయిన భర్త, రోజూ రేవులో దీపం పెట్టి ఎదురుచూసే భార్య. అక్క కథ మాత్రం ఆపడం లేదు. దీపం ఎలా పెట్టింది, నూనె ఎక్కడిది, ఊళ్లోవాళ్లు ఏమన్నారు, ఒక్కటీ వదలకుండా చెప్పింది. చివరికి, ‘తుఫాన్ల ఓడ మునిగిందని కబురొచ్చింది చిన్నమ్మా. గామె దీపం చేతుల పట్టుకొని రేవుకు పోయింది. గప్పుడు గామె ఏం చేసిందంటే...’ అని ఆపేసింది.

నా వేళ్లు అక్క పరికిణీలో బిగుసుకుపోయి ఉన్నాయి. లోపలి నుంచి, బావిలోంచి వచ్చినట్టు, అమ్మ గొంతు వినిపించింది.

‘ఏం చేసింది?’

‘తలుపు తీస్తె చెప్త’ అంది అక్క.

తలుపు తెరుచుకుంది. అక్క అమ్మను గట్టిగా కావలించుకుంది, జిగురంతా అమ్మ చీరకు అంటింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ‘గొంతు ఎండుకపోయింది చిన్నమ్మా, మిగతాది రేపు చెప్త’ అంది. మమ్మల్ని ముగ్గురినీ వాళ్లింటికి తీసుకుపోయింది. వాళ్లమ్మ ఒక్క మాట అడగకుండా జొన్నరొట్టె, పప్పు పెట్టింది. అమ్మ సగం రొట్టె తింది. ఎన్నో రోజుల తర్వాత అమ్మ నమలడం చూశాను.

మరునాడు అక్క కత్తెర పట్టుకుని వచ్చింది. ఆ సినిమాలో ఆ ఇల్లాలు రేవులో దీపం పెట్టి వెనక్కి తిరిగిందనీ, వలలు అల్లే ఆడవాళ్లు ఆమెను తమ దగ్గర కూర్చోబెట్టుకున్నారనీ, వలలు అల్లి అల్లి పిల్లల్ని సాకుతుండగా ఒకరోజు భర్త గడ్డం పెంచుకుని తిరిగొచ్చాడనీ చెప్పింది. అమ్మ అక్క మొహంవైపే చూస్తూ ఉండిపోయింది. కథ అయిపోయాక అక్క ఊరుకుంటుందా? వెంటనే ఇంకో సినిమా మొదలుపెట్టి, సగంలో ఆపి, కత్తెర తీసుకుని వెళ్లిపోయింది. రోజూ అంతే. కత్తెర రేపు తెస్తుంది, మిగతా కథ రేపు తెస్తుంది. అమ్మ రేపటి దాకా ఉండాలి.

అక్క ఎంపిక చూసి నేర్చుకోవాలి ఎవరైనా. ఏడిపించేది రెండు రోజులు వరసగా చెప్పేది కాదు. పాతదాని తర్వాత కొత్త రంగుల సినిమా, రాజకుమారి బొమ్మగా మారిన జానపదం తర్వాత జమీందారు అల్లుడిగా వేషం వేసిన రిక్షావాడి గోల. పాత సినిమాలో దుఃఖం నింపాదిగా వచ్చి పక్కన కూర్చుంటుందనీ, కొత్త సినిమాలో అందరూ ఉరుకుతుంటారు కాబట్టి మనకూ కాస్త కాళ్లు వస్తాయనీ అనేది. ఒకసారి దేవుళ్ల సినిమా కూడా చెప్పింది. వాళ్లింట్లో ఆ కథలు ఎవరు చెప్తారు? తనకు తోచినట్టు చెప్పింది. ఆమె యముడు ఆఫీసులో గుమాస్తాలాగా పెద్ద పుస్తకం తిరగేసి, ‘నీ కాయితం ఇంక రాలే. ఆజ్ నహీ, కల్ ఆనా, ఇయ్యాల కాదు రేపు రా’ అని మనిషిని వెనక్కి పంపించాడు. అమ్మ ఫక్కున నవ్వింది. నవ్వి, వెంటనే భయపడినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

ఇట్లా నెల దాటింది. అయినా నా భయం పోలేదు. అక్కకు ఒకపూట జ్వరమొస్తే నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఆమె దగ్గర సినిమాలు అయిపోతే ఏం గతి?

ఒకరోజు అక్క రాలేదని పిలవడానికి పోయాను. రద్దీ కుప్ప మధ్య కూర్చుని ఆత్రంగా వెతుకుతోంది. పక్కన పల్చటి రంగు కాగితాల చిన్న పుస్తకాలు, నలిగినవీ చిరిగినవీ. సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు. ఒకటి తీసి కూడబలుక్కుని చదివాను. ఓడ, భర్త, రేవు, దీపం, తుఫాను. ‘ఆ ఇల్లాలు ఏం చేసింది? మిగతా కథ వెండితెరపై చూడండి’ అని ఉంది. ఇంకోటి తీశాను. అదీ అంతే. అన్నీ అంతే.

‘అక్కా, నువ్వు సినిమాలు సూడలేదా?’ అన్నాను. అక్క మొహం పాలిపోయింది. ‘మా ఇంట్ల సినిమాకు ఎవలు పోనిస్తరే? ఒక్కటి గూడ సూడలే. అమ్మకు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత’ అని నా రెండు చేతులూ పట్టుకుంది.

నా నోటికి తాళం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ మధ్యాహ్నం అక్క కథ చెప్తూ, నీళ్లు తెమ్మని నన్ను కసిరింది. కథలో మంచి చోట లేపిందని ఒళ్లు మండి, ‘అన్నీ అబద్ధాలే! అక్క ఒక్క సినిమా సూడలే! గా ఓడ మునిగినామె మొగడు వచ్చుడు గూడ అబద్ధమే!’ అని అరిచేశాను.

అరిచాక గానీ ఏం చేశానో తెలియలేదు. అక్క తల దించుకుంది. అమ్మ చేతులు చాటలో ఆగిపోయాయి. వాకిట్లో ముగ్గు, కొత్త గౌన్లు, ఉడకబెట్టిన గుడ్డు, గడియపెట్టిన తలుపు, అన్నీ ఒక్కసారి నా కళ్లముందు తిరిగాయి. నా చేతులారా అమ్మను చంపుకున్నానని అనుకున్నాను. నిలబడ్డచోటే గౌను తడిసింది.

అమ్మ మెల్లగా నావైపు చూసింది. ‘నాకెర్కనే బిడ్డా’ అంది. ‘గా సినిమా నా పెండ్లికి ముందు నేను సూసిన. సినిమాల గామె సముద్రంల వడి సచ్చిపోతది. గీ పిల్ల పడనియ్యలే.’

తర్వాత అక్కవైపు చెయ్యి చాపి, ‘నా కత్తెర నాకియ్యి. రేపట్నించి నా దగ్గరనే ఉంచుకుంట. నువ్వు మాత్రం రా’ అంది.

బాపు రాలేదు. ఎప్పటికీ రాలేదు. అక్క చెప్పిన కథ చివరిదాకా జరగలేదు. వలలు అల్లినంతవరకే జరిగింది. అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచి, పెళ్లిళ్లు చేసి, ముసలిదై, మంచంలో పోయింది. నేను జగిత్యాలకు కాపురానికి వచ్చాక ఒక మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వేశారు. ఆమె దీపం పట్టుకుని నీళ్లలోకి నడిచింది. అలలు మోకాళ్ల దాకా రాగానే లేచి టీవీ కట్టేశాను. మిగతాది నేను చూడను, నాకు తెలుసు ఏమైందో.

ఈ మధ్య సిరిసిల్లలో మా చెల్లె కొడుకు సాంచలు నెలల తరబడి బంద్ అయ్యాయి. వాడి భార్య ఫోన్ చేసి, ‘పెద్దత్తమ్మా, ముద్ద ముడ్తలేడు. నిన్న చేతి గడియారం తీసి దోస్తుకిచ్చి వచ్చిండు’ అంది. గడియారం అనగానే నా చేతిలో గుడ్డలో చుట్టిన కత్తెర బరువు తెలిసింది. వాణ్ని ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దని చెప్పి, మా ఆయన్ని అప్పటికప్పుడు బస్సెక్కించి, వాణ్ని ఫోన్లోకి రమ్మన్నాను. ఏం చెప్పాలి? ధైర్యంగా ఉండమంటే ఉంటారా ఎవరైనా? ‘ఒరేయ్, ఒక పాత సినిమా ఉన్నది, చెప్త ఇను’ అన్నాను. ‘గిప్పుడు సినిమాలేంది పెద్దమ్మా’ అని విసుక్కున్నాడు. విసుక్కున్నా ఫోన్ పెట్టేయలేదు. సగం దాకా చెప్పి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, మిగతాది రేపు అన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ రాత్రి నేను కన్ను మూయలేదు. తెల్లారి పదింటికి ఫోన్ మోగింది. అవతల వాడి గొంతు.

‘పెద్దమ్మా, గా తర్వాత ఏమైంది?’